మలివయసున ఆరోగ్య బీమా

హిందూపురము మండీలో బెల్లము తూచిన చేతులకును, ధర్మవరము మగ్గముపై పట్టుచీర నేసిన చేతులకును, పెనుకొండ చేలలో వేరుసెనగ పెరికిన చేతులకును అరువదియేండ్లు దాటగనే ఒకే భయము పట్టుకొనును. ఆసుపత్రిలో చేరవలసివచ్చినచో ఖర్చెవరు భరింతురు? పూర్వము ఈ ప్రశ్నకు కొడుకు, పొలము, తాకట్టునకు బంగారము అనునవే సమాధానములు. వానికి తోడుగా బీమా యనునది మనకెట్లు వచ్చినదో, ముసలివారి గడపకు ఎంత యాలస్యముగా చేరినదో విచారింతము. ఆ చరిత్ర తెలిసినవారికి తగిన పాలసీని ఎన్నుకొనుట కొంత సులభమగును.

ఇ.ఎస్.ఐ. అని మనమందరము పిలుచు ఉద్యోగుల రాజ్య బీమా చట్టము 1948లో వచ్చినది. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పూరులో నెహ్రూగారు ఆ పథకమును ప్రారంభించిరి. అది కర్మాగారములలో జీతము తీసికొనువారికే గాని, ఇంటిలోనే గుంటమగ్గము వేసికొన్నవానికి కాదు. 1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు మెడిక్లెయిము పాలసీని తెచ్చినవి. అదియును ప్రీమియము కట్టగల పట్టణవాసులకే చాలవరకు పరిమితమయ్యెను.

మన సీమకు మొదటి ఊరట బీమా రూపమున రాలేదు. 1991 నవంబరు 22వ తేదీన పుట్టపర్తిలో ఉచితముగా శస్త్రచికిత్సలు చేయు పెద్దాసుపత్రి వెలసినది. తరువాత 2005లో కేంద్ర ప్రభుత్వము చేనేతవారికి ఆరోగ్య బీమా కల్పించినది. ఏడాదికి 15,000 రూపాయల పరిమితి. నేతగాడు, భార్య, ఇద్దరు బిడ్డలు అని నలుగురి లెక్క. మగ్గము దిగిన వృద్ధ జననీజనకులకు ఆ లెక్కలో చోటు లేకపోయెను.

2007 ఏప్రిల్ 1వ తేదీన ఆరోగ్యశ్రీ మొదలైనది. రాష్ట్రమంతటిలో తొలుత ఎన్నుకొన్న మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. మన మూడు ఊళ్లును అప్పుడా జిల్లాలోనివే. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. తెల్లకార్డు గల కుటుంబమునకు లక్షన్నర రూపాయలు, అవసరమైనచో మరి యేబదివేలు. ఇందులో వయసు అడ్డు కాలేదు, ముందే యున్న జబ్బు అడ్డు కాలేదు. ముసలితనమునకు బీమా తలుపు తెరచుట యనగా ఇదియే.

అయితే తెల్లకార్డు లేనివాడు, ధనవంతుడును కానివాడు నడుమ నిలిచిపోయెను. 65 ఏండ్లు దాటినవారికి క్రొత్త పాలసీ ఇచ్చుట, మానుట కంపెనీల ఇష్టమే. 2024 ఏప్రిల్ 1 నుండి ఆ వయఃపరిమితి తొలగినది. అదే యేడు అక్టోబరు 29న, డెబ్బదియేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సను కేంద్రము ప్రకటించినది. ప్రైవేటు పాలసీ గలవారును దీనికి అర్హులే.

కావున ఎన్నుకొనువారు ముందుగా తమకు హక్కుగా వచ్చునది చూచుకొనవలెను. పిదప లోటును పూరించు పాలసీని వెదకవలెను. బిడ్డల ఉద్యోగపు సమష్టి పాలసీలో మన పేరుండవచ్చును గాని, ఉద్యోగము విడిచిననాడే ఆ నీడ తొలగును. పాత పాలసీ నచ్చనిచో మానివేయ నక్కరలేదు. 2011 నుండి, గడచిన నిరీక్షణకాలము నష్టపోకుండ, మరొక కంపెనీకి మార్చుకొను వీలు కలదు. ముందే యున్న మధుమేహమును, రక్తపుపోటును దాచరాదు. వానికి నిరీక్షణకాలము మూడేండ్లకు మించరాదని నేటి నియమము. దాచినచో క్లెయిమే పోవచ్చును. గది అద్దెకు పరిమితి ఎంత? బిల్లులో మనవంతు ఎంత? హిందూపురములోను, మనవారు తరచు పోవు బెంగుళూరులోను ఏ యాసుపత్రులు నగదు లేకుండ చేర్చుకొనును? సంతకమునకు ముందు ఇవి అడుగవలెను.

1565లో తళ్లికోట యుద్ధము ముగియగా విజయనగర ప్రభువులు పెనుకొండకు తరలివచ్చిరి. అచ్చట కోట ముందే యుండుటచేతనే వారికి నిలువనీడ దొరకినది. శత్రువు గుమ్మమున నిలిచిన పిమ్మట గోడ కట్టుట యెవరితరమును కాదు. బీమాయు నట్టిదే, ఒడలు సత్తువతో నున్నప్పుడే, యింటివారితో కూర్చుండి, కాగితములు చదివించుకొని తీసికొనదగినది.