ఏటి అడుగున సాక్షులు

నీటి మంచిచెడ్డలు తెలిసికొనుటకు మన పూర్వులు రంగు, వాసన, రుచి, స్పర్శలను ఆధారముగా గొనిరి. సుశ్రుతసంహిత సూత్రస్థానమున జలదోషములును, కలకనీటిని తేర్చుటకు చిల్లగింజయు చెప్పబడినవి. చిల్లగింజ నెఱిగిన పెద్దలు మనలో నేటికిని కలరు. అయితే ఆ పరీక్ష అప్పుడు కుండలో నున్న నీటికే చెల్లును. నిన్నటి రాత్రి వాగున వచ్చి పోయిన మురికిని గూర్చి ఆ నీరు చెప్పజాలదు.

చెప్పగల సాక్షులు ఏటి అడుగున కలవు. రాళ్లక్రిందను, ఇసుకలోను వసించు పురుగులు, నత్తలు, ఆల్చిప్పలు చేపలవలె తప్పించుకొని పోలేవు. నెలల తరబడి అచటనే యుండి, వచ్చిన నీటినెల్ల అనుభవించును.

జర్మనీ దేశమున కోల్క్విట్జ్, మార్సన్ అను శాస్త్రజ్ఞులు మురికిని ఓర్చు శక్తినిబట్టి 1908లో నీటిమొక్కలను, 1909లో నీటిజంతువులను తరగతులుగా విభజించి ప్రకటించిరి. 1976లో బ్రిటనున ఏర్పడిన సంఘమొకటి ఆ భావమును లెక్కకు తెచ్చి, ఒక్కొక్క జీవకుటుంబమునకు 1 మొదలు 10 వఱకు మార్కులు నిర్ణయించెను. ప్రాణవాయువు మెండుగా నున్న పాఱునీటనే బ్రదుకు కొన్ని రాతిపురుగులకు 10; తూనీగ పిల్లలలో పెక్కింటికి 8; పెద్ద ఆల్చిప్పలకు 6; జలగలలో పెక్కింటికి 3; బురదలోని ఎఱ్ఱపురుగులకు 2; వానపాము జాతి సన్నపురుగులకు 1. మన నెత్తుటనున్న హిమోగ్లోబిన్ వంటిదే ఆ ఎఱ్ఱపురుగుల యందును కలదు. కనుకనే ప్రాణవాయువు కొఱవడిన బురదలోను అవి నిలువగలవు. చిరకాలము బడిపిల్లలకు మార్కులు వేసినవాడను గనుక ఈ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. ఇచట మార్కులు పురుగునకు, ఉత్తీర్ణత నీటికి!

మన దేశమున 1974లో ఏర్పడిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తరువాతి కాలమున యమునానదిని పరిశీలించి, ఇట్టి పట్టికను మన నదులకు అనువుగా సవరించెను. జీవుల వైవిధ్యమును గూడ లెక్కగట్టి, నీటిని స్వచ్ఛము మొదలు తీవ్రకలుషితము వఱకు 5 తరగతులు చేసెను.

ఇది మన తిరువూరు ప్రాంతపు కట్టలేటికి సరిపడునా? వానలకు పొంగి వేసవికి సన్నగిల్లు వాగున కొన్ని పురుగులు లేకుండుట నీరెండుటవలన గావచ్చును, మురికియే కారణమనరాదు. బ్రిటను మార్కులను ఉన్నవున్నట్లు దీనికి అంటగట్టుట అవివేకము. నీరు పాఱు కాలమున, ఒకే దినమున, ఊరికి ఎగువను దిగువను ఒకే తీరు అడుగుగల చోట్ల రాళ్లు తిప్పి చూడవలెను. ఎగువ పలువిధముల జీవులుండి, దిగువ ఎఱ్ఱపురుగులే గుంపులు గట్టియున్నచో, నడుమ ఏమి కలియుచున్నదో వెదకుట ఊరిపెద్దల పని. పైరుమందు పాఱినచోట ఎఱ్ఱపురుగులు సైతము మిగులకపోవచ్చును.

పురుగులు మెండుగా నున్నంతమాత్రమున ఆ నీరు త్రాగదగినదని తలంపరాదు. వాంతిభేదులను గలిగించు సూక్ష్మజీవులను ఈ సాక్షులు పట్టి యీయజాలవు. ఇసుక తోడివేసిన మడుగునను ఈ పరీక్ష సాగదు. అచట సాక్షుల యిల్లే లేదు.