బంతి, బడిపంతులు, బాడుగ సైకిలు

ఫుట్‌బాల్ అనగానే మనవాళ్ళకు కలకత్తా, గోవా, కేరళ గుర్తొస్తాయి. కానీ హిందూపురంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ముందే దిగిపోయే బెంగళూరుకూ ఈ ఆటలో పెద్ద చరిత్రే ఉంది. 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్పును నలభై ఏళ్ళకు పైగా తెల్లవాళ్ళ సైనిక జట్లే ఎగరేసుకుపోయేవి. 1937లో ఆ వరుసను తెంచింది బెంగళూరు ముస్లిమ్స్ అనే క్లబ్బు. మరుసటి ఏడాది కూడా కప్పు వాళ్ళదే.

తెలుగునేలపై ఈ ఆటకు పేరు తెచ్చినవాడు ఒక బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో పాఠాలు చెబుతూ, కమర్ క్లబ్బు తరఫున ఆడేవాడు. 1943లో నగర ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఆయన పెట్టిన పోటీలు వింతగా ఉండేవి. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర ఉంచుకుని పరుగెత్తకూడదు, అందిన వెంటనే ఇంకొకరికి ఇవ్వాలి. ఇంకొక పోటీలో చేతగాని కాలితోనే తన్నాలి. పొట్టి పిల్లలకు ఎత్తు కొలిచి వేరే పోటీ. ఏ పిల్లవాడికి ఎక్కడ తడబాటు ఉందో కనిపెట్టి, దానికి తగిన అభ్యాసం ఇవ్వడం పంతులు పని. ఆయన దాన్ని మైదానంలో చేశాడు.

ఫలితం లోకానికి తెలిసిందే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దేశం జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనం యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాం. అప్పటికి మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతోనే ఆడేవారు. నాలుగేళ్ళు తిరిగేసరికి మెల్బోర్న్‌లో ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచాం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చాం. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

ఆ కప్పులన్నిటికన్నా నాకు విలువైనదిగా తోచేది ఒక రూపాయి సంగతి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు తులసీదాస్ బలరాం. పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత ఆటబూట్లుగా మార్పించుకుని ఆడాడు. రహీం కంటబడ్డాడు. రోజూ అంత దూరం నుంచి అభ్యాసానికి రావడానికి దారి ఖర్చు లేదంటే, సైకిలు బాడుగకు రహీం రూపాయి ఇచ్చాడు. ఆ పిల్లవాడు హైదరాబాద్ లీగులో రైడర్స్ క్లబ్బుకు ఆడాడు. ఆపై మెల్బోర్న్, రోమ్, జకార్తా. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై ఒక గోలు, పెరూపై ఒక గోలు కొట్టాడు. 2023లో మరణించేదాకా ఈ దేశపు మేటి ఆటగాళ్ళలో ఒకడిగా మన్నన పొందాడు.

చిన్న ఊళ్ళలో ఆట నిలబడాలంటే మైదానం కావాలి, పట్టించుకునే పంతులు కావాలి, పిల్లవాడు వచ్చిపోయే దారి కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నా మిగిలిన రెండూ వృథా. మన పాత జిల్లాలోనే దానికి రుజువు ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్.డి.టి. సంస్థ, మైదానాలతోపాటు హాస్టలూ కట్టింది. పల్లెల పిల్లలు, అందులో ఆడపిల్లలూ, అక్కడే ఉండి చదువుకుంటూ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు.

మన బడి మాటకొస్తే, పరిగి, లేపాక్షి, చిలమత్తూరు వైపు నుంచి వచ్చే పిల్లలు చివరి బెల్లు కొట్టగానే బస్సు కోసం పరుగెత్తాలి. సాయంత్రం ఆటకు ఉంటే ఇల్లు చేరే దారి లేదు. పీరియడ్‌లో ఎంత బాగా ఆడినా వాళ్ళ ఆట అక్కడితో సరి.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని సంఘం అడుగుతోంది. తోరణం, వేదిక, శిలాఫలకం అని చాలా సలహాలు వచ్చాయి. నాదొక మనవి: అందులో కొంత తీసి, ఆటకు నిలిచే పది పన్నెండు మంది పిల్లలకు సాయంత్రం ఆటో బాడుగ, ఇన్ని ఉడికించిన శనగలు ఏర్పాటు చేద్దాం. ఎవరిని ఎంచాలో మన వ్యాయామ ఉపాధ్యాయులకు బాగా తెలుసు. లెక్కలు రాసే పని నాకు అప్పగించండి.