జనరిక్ మందులు అంత చౌకగా ఎలా? అనకాపల్లి జిల్లాకు ఉన్న లింకేంటి?

చోడవరంలో ఏ మందుల షాపుకు వెళ్లినా షుగర్, బీపీ మాత్రలు సామాన్యుడికి అందే ధరలోనే దొరుకుతాయి. ఈ చౌక వెనుక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఒకప్పుడు బెల్లం, గోవాడ షుగర్ ఫ్యాక్టరీలతోనే పేరున్న ఈ ప్రాంతం ఇప్పుడు మందుల తయారీకీ కేంద్రంగా మారింది. 2022లో ఉమ్మడి విశాఖ నుంచి విడిపోయిన అనకాపల్లి జిల్లా పాత్ర ఏంటో చూద్దాం.

జనరిక్ అంటే?
పేటెంట్ గడువు ముగిసిన మందును ఇతర కంపెనీలు తయారు చేస్తే అది జనరిక్. అందులోని అసలు రసాయనం, మోతాదు అవే. పరిశోధన ఖర్చు మళ్లీ ఉండదు కాబట్టి ధర తగ్గుతుంది.

ఎలా మొదలైంది?
1972లో అమల్లోకి వచ్చిన పేటెంట్ల చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. దాంతో అదే మందును వేరే పద్ధతిలో చేసే వీలు దొరికింది. 2005లో ఈ వెసులుబాటు పోయినా, అప్పటికే మన పరిశ్రమ నిలదొక్కుకుంది. హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. టీకాల్లోనూ హైదరాబాద్‌దే ముందడుగు. శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. భారత్ బయోటెక్ కొవాగ్జిన్‌కు 2021 జనవరిలో అత్యవసర అనుమతి దక్కింది.

మన జిల్లాలో ఏం తయారవుతుంది?
మాత్రకు ప్రాణం అందులోని ముడి మందు. దీన్నే బల్క్ డ్రగ్ అంటారు. పరవాడలోని జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్‌లలో ఇవి తయారవుతాయి. హెచ్‌ఐవీ మందుల ముడిసరుకు చేసే లారస్ ల్యాబ్స్‌కు పరవాడలో ప్లాంట్లున్నాయి. అయినా దేశం ముడి మందుల కోసం ఇప్పటికీ చైనాపైనే ఎక్కువగా ఆధారపడుతోంది. చైనా నుంచి సరుకు ఆగితే ఇక్కడ మాత్రల ధర పెరుగుతుంది. అందుకే కేంద్రం మూడు బల్క్ డ్రగ్ పార్కులకు రూ.3,000 కోట్లతో పథకం తెచ్చింది. వాటిలో ఒకటి నక్కపల్లిలో వస్తోంది. ప్రధాని మోదీ 2025 జనవరి 8న శంకుస్థాపన చేశారు.

ముప్పు ఎక్కడుంది?
ముడి మందుల తయారీలో ఇట్టే మండే ద్రావకాలు వాడతారు. చిన్న లీకేజీ అయినా పేలుడుకు దారితీయొచ్చు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఓ ఫార్మా పరిశ్రమలో మధ్యాహ్నం భోజన సమయంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. మృతుల కుటుంబాలకు ప్రభుత్వం రూ.కోటి చొప్పున పరిహారం ప్రకటించింది. ఆ వెంటనే పరవాడలోనూ ప్రమాదం జరిగింది.

పరిశ్రమలు పెరిగితే చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లకు ఉద్యోగాలొస్తాయి. అయితే లీకేజీని పసిగట్టే పరికరాలు, క్రమం తప్పని తనిఖీలు, కాంట్రాక్టు కార్మికులకూ శిక్షణ ఉండాల్సిందే. వీటిపై పెట్టే ఖర్చు మిగుల్చుకుని మందు ధర తగ్గిస్తే, ఆ భారం పడేది షిఫ్టుకు వెళ్లే కార్మికుడి మీదే.