ఎండుగడ్డియు చిన్నరైతును

ధాన్యము గాదె చేరిన పిమ్మట గడ్డిని గూర్చి యాలోచించువారరుదు. అయినను సేద్యగాని పశువు బలియుటయు చిక్కుటయు నా గడ్డిమీదనే యాధారపడియున్నవి. వాము నిండుగానున్నను పశువు డొక్క లెండియుండుటకు హేతువేమి? గడ్డిలో సత్తువ లేకపోలేదు. అది లిగ్నిను అను కొయ్యపదార్థముతో బిగిసియుండుటచే, నెమరువేయు పశువుల కడుపులోని సూక్ష్మజీవులకు పూర్తిగా చిక్కుటలేదు.

ఈ బిగువును సడలించు ప్రయత్నము యుద్ధకాలపు కరవునుండి వృద్ధిపొందినది. మొదటి ప్రపంచసంగ్రామమున శత్రునౌకలు సముద్రమార్గము నరికట్టగా జర్మనీలో మేతకు కాటకమేర్పడెను. ఎర్నెస్టు బెక్మన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు గడ్డిని చల్లని క్షారజలమున నానబెట్టి, కడిగి, మేపు పద్ధతిని 1920 ప్రాంతమున వెల్లడించెను. రెండవ సంగ్రామకాలమున నార్వే రైతులు దీనిని విరివిగా వాడిరి. కాని కడుగుటకు నీరు విస్తారముగా కావలెను, ఆ నీటితో కొంత పోషకము కొట్టుకొనిపోవును, వాగులును చెడును.

1970 తరువాత క్షారమునకు మారుగా అమ్మోనియా, పిమ్మట పేదరైతునకు సులభమగు యూరియా వచ్చినవి. నూరు కిలోల ఎండుగడ్డికి సుమారు 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీట పూర్తిగా కరగించి, పొరపొరకు చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ కప్పి 3 వారములుంచవలెను. అందు పుట్టిన అమ్మోనియా బిగువును సడలించును. గడ్డికి నత్రజనియు చేరును. ఘాటు పోవువరకు ఆరబెట్టి మేపవలెను. యూరియానీరు పశువు త్రాగినచో ప్రాణాపాయము.

ఈ విద్య విరివిగా ఫలించినది చైనాలో. పొలములు కుటుంబములకు పంచబడిన పిమ్మట, హెనాన్, హెబెయ్ రాష్ట్రములలోని చిన్నరైతులు గోధుమగడ్డి నూరవేసి, పత్తిచెక్క జోడించి, ఇంటికొకటి రెండు పశువులను బలిపించి మాంసమునకు విక్రయింపసాగిరి. 1992 మొదలు ప్రభుత్వము కొన్ని మండలములను మాదిరిగా నేర్పరచి ప్రోత్సహించెను. మాంసవిక్రయమును గూర్చి మన పాఠకులలో భిన్నాభిప్రాయము లుండవచ్చును. ఆ వాదము నిచట తలపెట్టము. పాడిపశువునకును ఈ మేత పనికివచ్చును.

మన దేశమునను శాస్త్రజ్ఞులు దీనిని బోధించిరి. నిలుపుకొన్న రైతులు కొలదిమంది. దీనికి పల్లెవాని మూఢత్వమే కారణమని విద్యావంతులు నిందించుట కద్దు. మే మంగీకరింపము. చైనారైతునకు గడ్డి, చెక్క, అమ్మకపు ధర మూడును ఒక్కచోట సమకూరినవి. మన రైతు యూరియాకు ముందుగా సొమ్మీయవలెను. వేసవిలో నీరు మోయవలెను. ఊరవేయుటకు కూలి పెట్టవలెను. ఫలము పాలరూపమున మెల్లగా వచ్చును; ఆ పాలకు తగిన ధర లేనిచో శ్రమ వ్యర్థము. పాలకు ధరయు, చెక్కకు సహాయమును కల్పింపక యుపన్యాసములు మాత్రమిచ్చిన ప్రయోజనమేమి? పంజాబు, హర్యానాలలో వరిగడ్డి పొలములందే కాలుచుండగా, మరియొకచోట పశువు మేతలేక చిక్కుచున్నది. ఉపదేశించువారు ముందుగా రైతు ఆదాయవ్యయముల లెక్క చూచుట న్యాయము.