చిన్న కోత, పెద్ద సందేహం: బ్రిటన్‌లో పెద్దపేగు కాన్సర్ కీహోల్ శస్త్రచికిత్స

పొట్టను పొడవునా కోయకుండా, నాలుగైదు చిన్న రంధ్రాల గుండా కెమెరానూ పరికరాలనూ పంపి పిత్తాశయాన్ని తొలగించే పద్ధతి 1980ల చివర మొదలై కొద్ది ఏళ్ళలోనే ప్రపంచమంతటా వ్యాపించింది. అదే పద్ధతి పెద్దపేగు కాన్సర్‌కు సాధారణ చికిత్స కావడానికి బ్రిటన్‌లో దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఈ జాప్యానికి ప్రధాన కారణం పరికరాల కొరత కాదు. మొదట భయం, ఆ తరువాత నేర్పేవారి కొరత.

భయానికి ఆధారం లేకపోలేదు. పిత్తాశయాన్ని తీసివేస్తే పని ముగుస్తుంది. కాన్సర్‌లో కణితితోపాటు దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులనూ రక్తనాళాలనూ మొదలంటా తొలగించాలి. 1994లో నెదర్లాండ్స్ వైద్యులు 'లాన్సెట్' పత్రికలో ఒక హెచ్చరిక ప్రచురించారు: ఈ పద్ధతిలో చికిత్స పొందిన 14 మందిలో ముగ్గురికి, పరికరాలు దూర్చిన రంధ్రాల దగ్గరే కాన్సర్ మళ్ళీ మొలిచింది. మచ్చ చిన్నదవుతుందని ఆయుష్షును పణంగా పెట్టవచ్చునా? ఈ సందేహంతోనే చికిత్సలను మదింపు చేసే ప్రభుత్వ సంస్థ 'నైస్' 2000 డిసెంబరులో, పరిశోధన పరీక్షల్లో తప్ప ఈ పద్ధతిని వాడవద్దని సూచించింది.

అటువంటి పరీక్ష అప్పటికే నడుస్తోంది. 'క్లాసిక్' పేరిట 1996 నుంచి 2002 వరకు 27 ఆసుపత్రుల్లో 794 మంది రోగులను చేర్చుకున్నారు. 2005లో వెలువడిన ఫలితాల్లో ఆలోచింపజేసే అంకె ఒకటుంది. కీహోల్‌తో మొదలుపెట్టిన శస్త్రచికిత్సల్లో 29 శాతం మధ్యలోనే పొట్ట తెరవవలసివచ్చింది. ఆ వాటా మొదటి ఏడాది 38 శాతం, ఆరో ఏడాది 16 శాతం. పాల్గొన్న ప్రతి సర్జనూ అంతకుముందే కనీసం 20 శస్త్రచికిత్సలు ఈ పద్ధతిలో చేసినవారే. అయినా నేర్చుకోవడం ఇంకా మిగిలే ఉంది. మూడేళ్ళ మనుగడలో రెండు పద్ధతులకూ చెప్పుకోదగిన తేడా లేదని 2007లో తేలింది.

2006లో నైస్ తన వైఖరి మార్చుకుంది. తగిన శిక్షణ పొందిన సర్జన్ చేసే పక్షంలో కీహోల్ పద్ధతిని రోగి ఎంచుకోవచ్చునన్నది. కాని అటువంటి సర్జన్లు చాలినంతమంది లేరు. అందువల్ల ఈ చికిత్సను తప్పనిసరిగా అందించాలన్న నిబంధనకు ప్రభుత్వం 2010 దాకా మినహాయింపు ఇవ్వవలసివచ్చింది. రోగికి హక్కు కాగితం మీద ఉంది, దానిని నెరవేర్చే చేతులు లేవు.

దశాబ్దాలుగా పొట్ట తెరిచి శస్త్రచికిత్స చేస్తున్న కన్సల్టెంట్లు మళ్ళీ విద్యార్థులు కావాలి. ఇందుకోసం ఇంగ్లండ్‌లో 'లాప్కో' అనే జాతీయ శిక్షణ కార్యక్రమం నడిచింది. అనుభవజ్ఞుడైన శిక్షకుడు పక్కన నిలబడి, ఒక్కొక్కరికీ విడిగా నేర్పేవారు. చివర అభ్యర్థి తన శస్త్రచికిత్సల వీడియోలు పంపాలి. అవి ఎవరివో తెలియని పరీక్షకులు వాటిని చూసి అర్హత నిర్ణయించేవారు. నేర్పడం ఎలాగో శిక్షకులకు కూడా ప్రత్యేకంగా నేర్పారు. 2013లో కార్యక్రమం ముగిసేనాటికి కీహోల్ వాటా కొన్ని రెట్లు పెరిగింది. నేడు ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్దపేగు కాన్సర్‌కు చేసే పెద్ద శస్త్రచికిత్సల్లో సగానికి పైగా ఈ పద్ధతిలోనే మొదలవుతున్నాయి.

ఇప్పుడు రోబోల వంతు. పురీషనాళ కాన్సర్‌పై పది దేశాల్లో 471 మందితో జరిపిన 'రోలార్' పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. మధ్యలో పొట్ట తెరవవలసివచ్చిన సందర్భాలు మామూలు కీహోల్‌లో 12.2 శాతం, రోబోతో 8.1 శాతం. ఆ తేడా కాకతాళీయం కాదని గణాంకాలు నిర్ధారించలేకపోయాయి. కొత్త యంత్రం కొనే ఆసుపత్రిని రోగి అడగవలసిన ప్రశ్న మాత్రం 2006 నాటిదే: దాన్ని నడిపే సర్జన్‌కు ఎవరు నేర్పారు, ఎవరు పరీక్షించారు?