తీగ రాని ఊళ్లలో విద్యుత్తు : ఖమ్మం–భద్రాచలం అడవిసీమ చరిత్ర

ఒక ఊరికి విద్యుత్తు ఎప్పుడు వచ్చినదని అడిగినచో, స్తంభము నాటిన సంవత్సరమును చెప్పుట లోకపు వాడుక. కార్యాలయముల లెక్కలును ఆ విధముగనే వ్రాయబడినవి. కాని ఖమ్మం మెట్టపొలములు ముగిసి భద్రాచలం అడవి మొదలగు తావున ఈ లెక్క చెల్లదు. ఇచ్చట విద్యుత్తు స్తంభముల వెంట రాకమునుపే సంతసంచిలో వచ్చినది. రెండు సెల్లుల రూపమున వచ్చి, మొదట టార్చిలైటుగను, పిమ్మట రేడియోగను, నేడు చేతిఫోనుగను ఇంటింట నిలిచినది. తీగ చేరని కాలమున జనులు తమకు కావలసిన కొద్దిపాటి శక్తిని ఎట్లు సమకూర్చుకొనిరి, అందులకు ఎంత మూల్యము చెల్లించిరి అనునదియే ఈ వ్యాసమునకు విషయము.

ఈ సీమ ఎల్లకాలము ఒకే ఏలుబడిలో ఉన్నది కాదు. గోదావరి ఎడమయొడ్డున నున్న భద్రాచలం తాలూకా 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. కుడియొడ్డున నున్న ప్రాంతము నిజాం రాజ్యములోనిది. 1953లో వరంగల్లు నుండి వేరుపడి ఖమ్మం జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము, నూగూరు వెంకటాపురము తాలూకాలు తూర్పుగోదావరి నుండి ఈ జిల్లాకు వచ్చెను. 2014లో కూనవరము, చింతూరు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వెలసెను. హద్దులు ఇన్ని మారులు మారినను అడవి తీరు మారలేదు. కోయ గూడెములు, కొండరెడ్ల పల్లెలు ఒకదానికొకటి దూరముగ, వాగుల నడుమ చెదరియుండుట వలన, ఏ పాలనలోనైనను రోడ్డు, తీగ, వైద్యము అను మూడును కడపటనే చేరినవి.

పూర్వము ఇండ్లలో ఇప్పగింజల నూనె, కానుగ నూనె పోసిన ప్రమిదలు వెలిగెడివి. కిరసనాయిలు వచ్చిన పిమ్మట బుడ్డిదీపము, కందీలు వాడుకలోనికి వచ్చెను. పెండ్లికి, భజనకు పెట్రోమాక్సు దీపము తెచ్చుట గొప్పగా నుండెడిది. ఇవి యన్నియు వెలుగు నిచ్చును గాని గాలికి, వానకు నిలువవు. చేతబట్టుకొని వాగు దాటుటకు పనికిరావు.

ఆ కొరతను తీర్చినది బ్యాటరీ సెల్లు. ఫ్రాన్సు దేశీయుడు లెక్లాంషే 1866లో కనుగొనిన తడిఘటమును, జర్మనీకి చెందిన గాస్నర్ 1886లో ఒలికిపోని పొడిసెల్లుగా మార్చెను. తుత్తునాగపు గిన్నె, నడుమ బొగ్గుకడ్డీ, చుట్టును మాంగనీసు నల్లపొడి, నవాసాగరపు ముద్ద: ఇంతమాత్రమే దాని నిర్మాణము. తుత్తునాగము కరగుచుండగా విద్యుత్తు పుట్టును. అది కరగిపోయినచో సెల్లు ముగియును. భారతదేశమున ఎవరెడీ సెల్లులు కలకత్తాలోను, తరువాత మద్రాసులోను తయారయ్యెను. 1972లో స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ నెల్లూరు జిల్లాలో నిప్పో సెల్లులను చేయుటతో, తెలుగునేలపై తయారైన సెల్లు సంతలకు వచ్చెను.

అడవి రైతునకు టార్చిలైటు విలాసవస్తువు కాదు. జొన్నచేనిలో మంచెపై కాపలా యుండి అడవిపందిని అదలించుటకును, వానాకాలపు రాత్రి పామును చూచి అడుగు వేయుటకును అది ఆయుధము. రెండు సెల్లుల టార్చి ఎడతెగక వెలిగినచో సుమారు పది గంటలకే మందగించును. అందుచేత దానిని వెలిగించుట కన్న ఆర్పుటయే నేర్పుగా నుండెను. సన్నగిల్లిన సెల్లులను ఎండలో పెట్టి మరల వాడుటయు ఎల్లెడల కానవచ్చిన అలవాటు. ఇందులో కొంత నిజము గలదు. వేడి తగిలినప్పుడు లోపలి రసాయనిక క్రియ చురుకై, మిగిలిన శక్తి కొంతసేపు వెలికి వచ్చును. అయితే కొత్త శక్తి యేమియు చేరదు. పొయ్యి నిప్పుల దాపున పెట్టినచో సెల్లు పగులు ప్రమాదము గలదు.

రెండవ ఘట్టము రేడియో. నిజాం ప్రభుత్వపు హైదరాబాదు కేంద్రము 1935లో ప్రసారములు చేయుచుండెను. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసెను. విజయవాడ కేంద్రము 1948లో ఆరంభమయ్యెను. దినపత్రిక చేరుటకు ఒకటి రెండు దినములు పట్టు గ్రామములకు, నాటి వార్త నాడే వినుట పెద్ద మార్పు. కాని ఆ కాలపు రేడియోలు వాల్వుల రేడియోలు. విద్యుత్తు లేనిచోట వాడు సెట్టునకు, వాల్వుల తీగలను వేడిచేయుటకు ఒకటిన్నర వోల్టులును, మిగిలిన పనికి తొంబది వోల్టులును ఇచ్చు పెద్ద బ్యాటరీకట్ట కావలెను. అది పట్టణమునుండి రావలెను. ముగిసినచో మరల వచ్చువరకు రేడియో మూగవోవలసినదే. కొన్నిచోట్ల మోటారుబండ్ల బ్యాటరీని వాడి, ఛార్జి చేయుటకు బండిలో పట్టణమునకు పంపెడివారు. ఈ వ్యయము ఒక్క కుటుంబము భరింపలేనిది. కనుకనే పంచాయతీ గదియు, గ్రంథాలయమును రేడియోకు నెలవులైనవి. ఊరంతయు ఒకచోట కూడి వినుట ఆచారమైనది.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్, షాక్లే అనువారి కృషి ఫలితముగా ట్రాన్సిస్టరు పుట్టెను. దీనికి వేడిచేయు తీగ అక్కరలేదు. వాల్వుల సెట్టునకు ఒకటి రెండు వాట్లు కావలసియుండగా, ట్రాన్సిస్టరు రేడియోకు అందులో పదవవంతు పాటి చాలును. నాలుగు సెల్లులు వేసి దినమునకు రెండు మూడు గంటలు వినినచో ఒకటి రెండు నెలలు వచ్చును. 1960ల, 70లలో అడవిసీమకు చేరిన ఈ పెట్టె, విద్యుదీకరణ పథకములకన్న ముందుగా ఇండ్లలోనికి ప్రవేశించెను. శ్రీరామనవమినాడు భద్రాచలమునుండి కల్యాణ వ్యాఖ్యానమును ఉషశ్రీ చెప్పుచుండగా, వాగులకావల, కోవెలకు పోలేని వృద్ధులును తమ వాకిట కూర్చుండి వినగలిగిరి.

వినోదమునకన్న మిన్నయైన ప్రయోజనము వరదల కాలమున కానవచ్చును. భద్రాచలమువద్ద గోదావరి 43 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ప్రకటింతురు. 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకు చేరెను. నాటికి నేటికి అదియే మిక్కిలి హెచ్చైన మట్టము. అట్టి వేళ రోడ్డు మునుగును, తీగ తెగును, స్తంభము ఒరగును. నది ఎన్ని అడుగులు పెరిగినదో చెప్పగలుగునది నాలుగు సెల్లుల పెట్టె ఒక్కటే.

ఇచ్చట ఒక విపరీతమును గమనింపవలెను. ఈ సీమ శక్తికి పేదది కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో తవ్వకము మొదలయ్యెను. పాల్వంచవద్ద కొత్తగూడెం తాప విద్యుత్కేంద్రము 1966లో తొలి యంత్రమును నడపెను. కిన్నెరసాని జలాశయము దానికి నీరిచ్చెను. చింతూరు అడవులలో మోతుగూడెముకడ దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రము 1970లలో 460 మెగావాట్ల శక్తితో సిద్ధమయ్యెను. బొగ్గు, నీరు, నేల ఈ సీమవి. ఉత్పత్తియైన విద్యుత్తు మాత్రము హెచ్చు వోల్టుల తీగలపై గూడెముల మీదుగా దూరనగరములకు తరలెను. ఆ తీగలనుండి నేరుగా ఇంటికి దీపము పెట్టుటకు వీలులేదు. ఉపకేంద్రము, చిన్నతీగ, ట్రాన్స్‌ఫార్మరు వేరుగా కావలెను. ఇరువది ఇండ్ల గూడెమునకు అంత వ్యయము గిట్టదని లెక్కలు తేల్చెను. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట, అడవిగుండ స్తంభములు నాటుటకు కేంద్రానుమతియు కావలసివచ్చెను.

పైగా లెక్కలోని మాటయే మోసపుచ్చెడిది. 1997 వరకు గ్రామపు రెవెన్యూ హద్దులలో ఏదో ఒకచోట, ఏదో ఒక పనికి విద్యుత్తు వాడబడినచో ఆ గ్రామము విద్యుదీకృతమని వ్రాసెడివారు. ప్రధాన గ్రామపు చేనిలో ఒక మోటారు తిరిగినచో, మూడు క్రోసుల దూరమున నున్న గూడెము కూడ కాగితముపై వెలిగెడిది. 2004లో వచ్చిన నిర్వచనము బడి, పంచాయతీ కార్యాలయము వంటి స్థలములతో పాటు నూటికి పది ఇండ్లకైనను విద్యుత్తు ఉండవలెనని కోరెను. అప్పటికిని తొంబది ఇండ్లు చీకటిలో నుండవచ్చును.

ఈ చీకటి ఉచితము కాదు. ఒక పెద్ద సెల్లులో నిలువయుండు శక్తి ఏడెనిమిది వాట్-గంటలు. ఒక యూనిట్టు అనగా వేయి వాట్-గంటలు. కనుక తీగపై వచ్చు ఒక్క యూనిట్టు విద్యుత్తును సెల్లులతో పొందవలెనన్నచో నూటికి పైగా సెల్లులు కొనవలెను. పట్టణవాసి కొద్ది రూపాయలకు పొందు శక్తికి, అడవి సరకు అమ్మి బ్రదుకువాడు నూరు సెల్లుల వెల చెల్లించెను. అతడు బ్రదికి బట్టగట్టినది తక్కువ శక్తితో ఎక్కువ పని చేయించుకొను పొదుపు వలననే.

మూడవ ఘట్టము సూర్యునిది. బెల్ ప్రయోగశాలయే 1954లో సిలికాన్ సౌరఘటమును లోకమునకు చూపెను. మన దేశమున సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో సౌరఘటమును తయారుచేసెను. క్రమముగా ప్రభుత్వ పథకముల ద్వారా సౌరలాంతరులు, వీధిదీపములు గిరిజన గ్రామములకు వచ్చెను. పలుచోట్ల అవి కొన్ని ఏండ్లలో మూలబడెను. తప్పు సూర్యునిది కాదు, ఫలకముది కాదు. ఫలకము ఇరువది ఏండ్లకు పైగా పనిచేయును. సీసపు బ్యాటరీ మూడు నాలుగేండ్లకు మించి నిలువదు. పూర్తిగా ఖాళీ చేసి విడిచినచో అంతకుముందే చెడును. దానిని మార్చుటకు సొమ్ము గాని, శిక్షితుడైన మనిషి గాని సమీపమున లేకపోయెను. అడవిలో మరియొక చిక్కు చెట్టునీడ. వరుసగా కూర్చిన ఘటములలో ఒకదానిపై నీడ పడినను మొత్తము ఫలకపు శక్తి మిక్కిలి తగ్గును. ఈ చిన్న విషయము తెలియక కొమ్మకింద పెట్టిన ఫలకములు నిరుపయోగములైనవి.

1990లలో జపానులో సాధింపబడిన నీలపు ఎల్‌ఈడీ వలన తెల్లని ఎల్‌ఈడీ దీపము సాధ్యమయ్యెను. ఒక వాటు దీపము చదువుకొను పిల్లవానికి చాలును. ఆ పిమ్మట చేతిఫోను వచ్చెను. మీటల ఫోను బ్యాటరీ నిండుటకు నాలుగైదు వాట్-గంటలు చాలును గనుక, పది వాట్ల ఫలకము మంచి ఎండలో గంట రెండు గంటలలో ఆ పని చేయగలదు. సంతనాడు పట్టణపు కొట్టులో కొద్ది డబ్బు లిచ్చి ఫోనును ఛార్జి చేయించుకొనుట, మోటారుసైకిలు బ్యాటరీకి తీగలు తగిలించుట, ఇంటికప్పుపై చిన్న ఫలకమును పరచుట: ఇవి నాటి బ్యాటరీబండ్ల ప్రయాణమునకు నేటి రూపములు.

2006 నాటి అటవీహక్కుల చట్టము, హెక్టారునకు 75 చెట్లకు మించి నరకకుండ, ఒక హెక్టారు లోపల అటవీభూమిని గ్రామసభ సిఫారసుతో విద్యుత్తీగలకు విడువవచ్చునని చెప్పెను. 2017లో వచ్చిన సౌభాగ్య పథకము, తీగ చేరలేని ఇండ్లకు 200 నుండి 300 వాట్ల ఫలకము, బ్యాటరీ, ఐదు దీపములు, ఒక పంకా ఇచ్చి, ఐదేండ్లు మరమ్మతు చూడవలెనని నిర్ణయించెను. మరమ్మతును లెక్కలో చేర్చుట పూర్వపు లోపమునుండి నేర్చిన పాఠము. అయినను 2005 తరువాత బస్తరు కల్లోలమువలన వలసవచ్చి రిజర్వు అడవులలో గుడిసెలు వేసికొనిన గొత్తికోయలకు ఆ హక్కుల చట్టము వర్తించుట దుర్లభము. 2005 డిసెంబరు 13 దాని గడువు తేది. వారికి చిన్న సౌరఫలకమే విద్యుచ్ఛాఖ.

కొత్తగూడెం పాతకేంద్రపు యంత్రములు 2020 నాటికి ఆగిపోయెను. 2024 ఆగస్టులో దాని శీతలగోపురములు నేలగూలెను. అంతటి కర్మాగారమునకు ఆయుర్దాయము ఐదు దశాబ్దములు. ఆ కాలమంతయు దాని పొరుగున సెల్లు, రేడియో, లాంతరు అడవిబిడ్డలకు తోడుండెను. 2022 జూలైలో గోదావరి మరల 71 అడుగులు దాటినప్పుడు ముంపు గ్రామములకు విద్యుత్తు నిలిచెను. తీగ వచ్చిన ఊరు సైతము ఆ దినములలో తీగలేని ఊరే. గ్రామ గ్రంథాలయము పుస్తకములతో పాటు ఒక సౌరఫలకమును, నిండుగ ఛార్జియున్న ఒక బ్యాటరీని, పనిచేయు ఒక రేడియోను ఆషాఢమునకు ముందే సిద్ధపరచి, వానిని కాపాడు విధమును ఇద్దరు యువకులకు నేర్పినచో, రేడియో మూగవోయిన నాటి కష్టము ఈ సీమకు మరల రాదు.