ఇందిరాగాంధీ కాలువ

ఇందిరాగాంధీ కాలువ సట్లెజ్, బియాస్ నదుల నీటిని రాజస్థాన్‌లోని థార్ ఎడారికి తరలించే సాగునీటి ప్రాజెక్టు. 1984 వరకు దీన్ని రాజస్థాన్ కాలువ అనేవారు.

నిర్మాణం: ఇంజినీరు కన్వర్ సేన్ 1948లో ఈ పథకాన్ని ప్రతిపాదించారు. 1958 మార్చి 31న కేంద్ర హోంమంత్రి గోవింద వల్లభ్ పంత్ శంకుస్థాపన చేశారు. 1960 నాటి సింధు జలాల ఒప్పందం తూర్పు నదులపై భారత్ హక్కును ఖాయం చేయడంతో నీటి లభ్యతకు భరోసా ఏర్పడింది.

స్వరూపం: పంజాబ్‌లో రెండు నదులు కలిసే చోట ఉన్న హరికె బ్యారేజీ వద్ద కాలువ మొదలవుతుంది. 204 కి.మీ. ఫీడరు తర్వాత 445 కి.మీ. ప్రధాన కాలువ జైసల్మేర్ జిల్లా మోహన్‌గఢ్ వరకు సాగుతుంది. ఎడమవైపు మెట్ట భూములకు ఎత్తిపోతల ద్వారా నీరందుతుంది.

ఫలితాలు: శ్రీగంగానగర్, హనుమాన్‌గఢ్, బికనీర్, జైసల్మేర్ ప్రాంతాల్లో గోధుమ, పత్తి, ఆవాలు, వేరుశనగ విస్తారంగా పండుతున్నాయి. కాలువ నీరు పలు పట్టణాలు, గ్రామాల దాహమూ తీరుస్తోంది. ఇసుక మేటలను అడ్డుకోవడానికి గట్ల వెంట చెట్లు పెంచారు.

సమస్యలు: కొన్నిచోట్ల భూమి అడుగున ఉన్న జిప్సం పొర నీటిని లోతుకు ఇంకనివ్వదు. మితిమీరిన తడుల వల్ల అక్కడ పొలాలు ఊటెక్కి, చవుడు తేలుతున్నాయి. మురుగునీటి పారుదల, పొదుపైన సాగు పద్ధతులే ఇందుకు పరిష్కారం.